ఒక చుక్క వెలిగితే ఏడు ఆరాయి

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద నమ్మకం లేదు (ఇప్పుడూ లేదు). నా మీద మాత్రం అపారంగా ఉండేది. వైట్‌ఫీల్డ్‌లో, బస్సులకు బిగించే చిన్న తెరలు తయారుచేసే కంపెనీలో కొత్తగా చేరాను. సి భాషలో ప్రోగ్రాం రాసి, తెర మీద ఒక్కొక్క చుక్కనే వెలిగించి, ఊరి పేరు కనిపించేలా చేయడం నా పని. ఆయుధపూజ నాడు, బోర్డులు అతికే సోల్డరింగ్ అక్క (పక్కనే ఉన్న కాడుగోడి మనిషి) అన్ని యంత్రాలతో పాటు నా తెర అంచుకూ కుంకుమ బొట్టు పెట్టింది. హేతువాదం మీద ఆమెకు పావుగంట ఉపన్యాసమిచ్చాను. ఓపికగా విని, "అయిందా అప్పా? ఇంద, బొరుగులు తిను" అంది.

సెలవు తర్వాత వచ్చి తెర మీద నిలువు గీత గీయబోతే, ప్రతి ఎనిమిది చుక్కల్లో ఒక్కటే వెలిగింది. కారణం నాకు తక్షణమే తెలిసిపోయింది: కుంకుమ లోపలికి రాలింది. మూఢనమ్మకం వల్ల సంస్థకు జరిగే నష్టం గురించి మేనేజరుకు అరగంటలో రెండు పేజీలు రాశాను (వాక్యాలు బాగా కుదిరాయని మళ్లీ చదువుకున్నాను కూడా). ఆయన అక్కను పిలిచి, ఇది నిజమని తేలితే కాంట్రాక్టు పొడిగించనన్నాడు.

అక్క నా బల్ల దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు.

"బొట్టు పెట్టని తెర ఒగటి బీరువాలో ఉండాది గదప్పా. నీ ప్రోగ్రాం దాంట్లో ఏసి చూసినావా?"

"అక్కర్లేదక్కా, కారణం తెలుస్తూనే ఉంది."

"చూడకుండానే తెల్సిందా? మరి నేను సామికి మొక్కితే తప్పంటివే."

వేసి చూశాను. అక్కడా ఎనిమిది చుక్కల్లో ఒక్కటే. అప్పుడు గానీ నా ప్రోగ్రాం తెరిచి చదవలేదు. ఎనిమిది చుక్కలు ఒకే బైట్‌లో కలిసి కాపురముంటాయి. ఒకదాన్ని వెలిగించేటప్పుడు మిగతా ఏడింటినీ ఉన్నవి ఉన్నట్టు ఉంచాలి. నేనేమో ప్రతిసారీ బైట్ మొత్తాన్నీ కొత్తగా రాసి, అప్పటికే వెలిగినవాటిని ఆర్పేస్తున్నాను. ఒక్క లైను దిద్దగానే, బొట్టున్న తెర మీదా గీత తిన్నగా నిలబడింది.

తప్పు నాదేనని మేనేజరుకు రెండు వాక్యాలు రాయడానికి సాయంత్రమైంది. అక్క కాంట్రాక్టును ఆయన పొడిగించాడు. నా ఉత్తరం ఆమెకూ చూపించాను.

"చిన్నదే రాసినావే అప్పా. నా మీద రాసింది శానా పొడుగుండె."

మూఢనమ్మకాల మీద నేనిప్పటికీ రాస్తూనే ఉన్నాను. రాస్తూ రాస్తూ ఒక్కోసారి నాలోని ఆనాటి కుర్రవాడు గుర్తొస్తాడు. పాపం, రుజువేదని ఊరందరినీ అడిగాడు, తనను తప్ప. నవ్వొస్తుంది; కలం కాసేపు ఆగుతుంది.