పాటెత్తిన సుగుణ

గుంటూరులో జరిగిన లూథరన్ యువజన మహాసభల నుంచి నిన్ననే తిరిగొచ్చాం. స్టీలు ప్లాంటు పనులకు వలస వచ్చిన కుటుంబాలే ఎక్కువగా ఉన్న మన చిన్న చర్చి సంఘం నుంచి వెళ్లింది నలుగురం. మూడు రోజులూ అన్నానికి క్యూ, స్నానానికి క్యూ, పందిట్లో ఉక్కపోత. ఇంటికి రాగానే "వెళ్లకపోయినా పోయేదేం లేదు" అని నాన్నతో అనేశాను. ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటరు, మన సంఘపెద్ద కూడా.

ఈ ఉదయం ఆరాధన అయ్యాక ఆయన అందరి ముందూ నా మాటే ఎత్తారు. "మావాడే చెప్పాడు, దండగని. వచ్చే ఏడు ఎవర్నీ పంపక్కర్లేదు."

నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడు సుగుణ లేచింది. తగరపువలస నుంచి బస్సులో వచ్చే అమ్మాయి, మా నలుగురిలో ఒకతె, ఎప్పుడూ నోరు విప్పదు.

"మా కాలేజీలో లూథరన్ అంటే ఏటని అడుగుతారండి. సెప్పలేక తల దించుకునేదాన్ని. అక్కడ నాను పాటెత్తితే పందిరంతా అందుకుందండి. ఇకమీదట అడిగితే సెప్తాను."

నాన్న నావైపు తిరిగారు. "నువ్వేమంటావురా?"

"తొందరపడి అన్నాను నాన్నా. పంపించండి."

"అయితే వచ్చే ఏడు సుగుణే తీసుకెళ్తుంది. నువ్వు ఆ అమ్మాయి వెనకాల నడు" అన్నారు. అందరూ నవ్వారు, నేను తప్ప.

మధ్యాహ్నం నుంచి ఒకచోట కూర్చోలేక బీచి రోడ్డు మీద తిరిగి తిరిగి, ఇప్పుడే వచ్చి మన చర్చి గోడపత్రికకు ఇది రాస్తున్నాను. అదే పందిట్లో, అదే పాటకు నేనూ గొంతు కలిపాను. మరి నాకెందుకు ఏమీ అనిపించలేదు? మీలో ఎవరికైనా ఇలా జరిగి ఉంటే ఆదివారం నన్ను పక్కకు పిలిచి చెప్పండి, నాన్నకు వినపడకుండా.