చంద్రవ్వ ఇచ్చిన దొంగ చరణం

హారిస్ గిటారు భుజాన వేసుకుని పెద్దపల్లిలో చంద్రవ్వ పిండిగిర్ని ముందు నిలబడ్డప్పుడు, ఆమె మొదట చూసింది అతని మొహాన్ని కాదు, చేతిలోని ఫోన్‌ని.

"అవ్వా, ఎనుకట నువ్వు డేరా నాటకాలల్ల నవ్వుల పాటలు పాడుతుంటివట గద? గసొంటి పాత పాటలే నేను ఊరూరు తిరిగి నేర్చుకొని పాడుతున్న. కరీంనగర్ నుంచి వచ్చిన."

"ఎవలు చెప్పిన్రు నీకు?" అంది చంద్రవ్వ, గిర్ని ఆపకుండానే.

ఎవరు చెప్పినా అబద్ధం కాదు. పందొమ్మిదేళ్ల వయసులో ఆమె నాటకాల కంపెనీతో ఊళ్లు తిరిగింది. తెర వెనక కోట సెట్టు విప్పి అడవి సెట్టు కడుతుంటే, ఆ సుత్తి దెబ్బలు వినబడకుండా తెర ముందు నిలబడి జనాన్ని నవ్వించడం ఆమె పని. పాటల్లో సగం మాటలు తనే కట్టేది. కంపెనీ మూతబడ్డాక పెళ్లి, ఆ తర్వాత గిర్ని. పాతికేళ్ల కిందట ఒక పెద్దమనిషి టేప్‌రికార్డర్‌తో వచ్చి, తెగ పొగిడి, పూటంతా పాడించుకుపోయాడు. మరుసటేడు బస్టాండు దగ్గర క్యాసెట్ల దుకాణంలో ఆమె పాటే మోగుతోంది. గొంతు ఇంకెవరిదో. అట్ట మీద రచయితగా ఆ పెద్దమనిషి పేరు. ఆనాటి నుంచి చంద్రవ్వ ఇంట్లో కూడా నోరు విప్పి పాడలేదు.

హారిస్ వదల్లేదు. మూడోసారి వచ్చినప్పుడు, వీణ్ణి వదిలించుకోవడానికి ఆమె ఒక పాట ఇచ్చింది.

"కొత్త సైకిల్ కొన్నడమ్మా కొమురయ్య మామ,
ఎక్కుడొచ్చె, దిగుడు రాదని ఏడుస్తుండమ్మా!"

రెండు చరణాలు సరిగ్గానే చెప్పింది. అసలు నవ్వంతా ఉన్న మూడోది మాత్రం దాచుకుంది. దాని బదులు అప్పటికప్పుడు ఒకటి అల్లేసింది: కొమురయ్య మామ ఇంటికొచ్చి, అన్నం తిని, పండుకున్నడట. హారిస్ దాన్నీ భక్తిగా రాసుకుని, సలాం చేసి వెళ్లాడు.

ఆదివారం కాగజ్‌నగర్‌లో అతని ప్రోగ్రాం ఉందని తెలిసి, కూతురు మమతారాణిని వెంటబెట్టుకుని చంద్రవ్వ రైలెక్కింది.

"పాట వినుటానికా అవ్వా?" అని తల్లిని అడిగింది మమతారాణి.

"దొంగను పట్టుటానికి."

కొంగు నెత్తిమీదికి లాక్కుని చివరి వరుసలో కూర్చుంది. రెండు పాటల తర్వాత హారిస్ మైకు ముందుకు వచ్చాడు.

"ఇప్పుడు పాడేది పెద్దపల్లి చంద్రవ్వ పాట. మాటలు గూడ ఆమెవే."

చంద్రవ్వ ముందుకు వంగి చెవులు రిక్కించింది. మొదటి చరణానికి జనం నవ్వారు, రెండోదానికి ఈలలు వేశారు. మూడోది వచ్చింది. మామ అన్నం తిన్నాడు, పడుకున్నాడు. ఒక్కరూ నవ్వలేదు.

"గింతేనా? ముసలామెకు పాట కట్టుడు రాలే!" అన్నాడు ముందు వరుసలో ఒకాయన.

ఆ మాట ఆమెకు చురుక్కుమని తగిలింది. కొంగు జారిపోతున్నా చూసుకోకుండా లేచి నిలబడింది.

"ఆగు పిలగా! అది కాదు!"

అందరూ వెనక్కి తిరిగారు. ఉన్నచోటి నుంచే, మైకు లేకుండానే అందుకుంది.

"దిగరాక దిగరాక బాసర దాక పాయె,
గోదారి అడ్డమొస్తె గోచి తడిసి దిగె!"

ఒక్కసారిగా హాలంతా నవ్వింది. మళ్లీ పాడమన్నారు. పాడింది.

ప్రోగ్రాం అయ్యాక హారిస్ ఆమె పక్కన కూర్చున్నాడు. "నాకెందుకు తప్పు చెప్పినవ్ అవ్వా?"

"దొంగవనుకున్న."

"ఇప్పుడు?"

"ఇంకా సూస్తున్న," అంది చంద్రవ్వ. అతను నవ్వాడు గానీ ఆమె నవ్వలేదు.

ఆ తర్వాత మూడు ఊళ్లలో అతనితో కలిసి పాడింది. పాట ఇచ్చే ముందు ప్రతిసారీ, అది తన పాటేనని కాగితం మీద రాయించి, కింద అతని చేత సంతకం పెట్టించుకుంది. పోయిన నెల మంచిర్యాల నుంచి బస్సులో వస్తూ, ఇంకా ఎవరికీ ఇవ్వని పాటొకటి సన్నగా కూనిరాగం తీస్తోంది. పక్క సీటులో హారిస్ చెవి ఇటు తిరిగింది. చంద్రవ్వ గబుక్కున ఆపేసి, కిటికీలోంచి పత్తిచేలు చూడసాగింది.