చేతుల మీద కూర్చునే సారు

రోజూ ఆ అద్దం ముందు నిలబడి గంటసేపు తల దువ్వుకుంటారు గానీ, అద్దం పైన ఫొటోలో ఉన్న బట్టతలాయన ఎవరే అమ్మమ్మా అని ఒక్కళ్ళయినా అడిగారా? మీ తాత పక్కన ఇరవయ్యేళ్ళుగా వేలాడుతున్నాడు పాపం! ఒకడేమో ఆయనకి చేతుల్లేవన్నాడు. ఇంకొకతేమో ఆయన కాలి దగ్గర బొద్దింకుందంది. బొద్దింక కనబడింది గానీ మనిషి కనబళ్ళేదు మీకు. ఆ ఫోన్లు అవతల పడేసి వినండి. ఒసేయ్ పెద్దదానా, నువ్వు రాయి. చెప్పింది చెప్పినట్టు రాయి, నీ తెలివి కలపకు.

ఆయనకి చేతులున్నాయి. రెండూ ఉన్నాయి. వాటి మీద కూర్చునేవాడు, అంతే. "సార్, ఇది కాస్త చూడండి" అని ఎవరన్నా అంటే చాలు, కుర్చీ లాక్కొచ్చి, రెండు చేతులూ తొడల కింద తోసేసి, "ఎక్కడ వెతికావ్?" అనేవాడు. అదీ ఆయన జబ్బు. ఇల్లు అంటుకుందన్నా, ఏ గదిలో వెతికావ్ అంటాడేమోనని నా భయం.

నేను ఆ కంప్యూటర్ల ఆఫీసులో టీలు కాచేదాన్ని. ఓసారి చక్కెర డబ్బా మాయమైంది.

"చక్కెర లేదు సారూ" అన్నా.

"లేదనకక్కా. కనబళ్ళేదను. ఎక్కడ వెతికావ్?"

"గట్టు మీద."

"ఇంకా?"

"గట్టు కింద."

"ఇంకా?"

"మీ నెత్తి మీద!"

"అక్కడ లేదు. ఇంకా?"

రెండ్రోజులు ఆఫీసంతా చప్పటి టీ తాగింది. మూడోనాడు చూద్దును కదా, డబ్బా ఆయన బల్ల మీదే ఉంది. నేనే పెట్టి మర్చిపోయా. దాని పక్కనే కూర్చుని, మొహం చేదుగా పెట్టుకుని చప్పటి టీ తాగాడు గానీ, ఇదుగో అనలేదు మహానుభావుడు! వాళ్ళావిడ ఫోన్ చేసి బీరువా తాళాలు ఎక్కడున్నాయంటే కూడా ఇదే పాట. చేతులు కిందే. ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టుకుని, "ఎక్కడ వెతికావ్?" ఆవిడ తిట్లు నా పొయ్యి దాకా వినబడేవి.

ఒకసారి అడిగేశా. "ఆ చేతులేం పాపం చేశాయయ్యా?"

"బయటుంటే ఊరుకోవక్కా. పక్కవాళ్ళ పని లాగేసుకుంటాయి."

అదేం మాటో నాకప్పుడు అర్థం కాలేదు. ఒక్కటి మాత్రం చెప్తా. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఒకే అనుమానంతో రెండోసారి రాలేదు. నా చక్కెర డబ్బా కూడా మళ్ళీ తప్పిపోలేదు.

ఇప్పుడసలు కథ. మీ అమ్మ ఆ ఆఫీసులోనే పనికి చేరింది. ఆర్నెల్లు చూస్తాం, నచ్చితే ఉంచుతాం అన్నారు. నేను వాళ్ళ కప్పులు కడిగి చదివించిన పిల్ల! ఆసుపత్రిలో ఏ రక్తం ఎక్కడుందో చెప్పే ప్రోగ్రాం ఒకటి చేస్తున్నారు. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రి వాళ్ళు చూసుకోడానికొస్తారు. ముందురోజే కొత్త కంప్యూటర్ మిషనొచ్చింది, దాన్ని సిద్ధం చేసే పని మీ అమ్మకిచ్చారు. పొద్దున్నే చూస్తే బిల్డు అవట్లేదు. లైబ్రరీ దొరకలేదు, లైబ్రరీ దొరకలేదు అని ఎర్రక్షరాలు.

బిల్డంటే ఏంటో సారే నాకు చెప్పాడు. చొక్కా కుట్టడం లాంటిదట. ముక్కలన్నీ మనమే కత్తిరించుకుంటాం గానీ గుండీలు మనం చేసుకోం కదా, ఎవరో చేసినవి తెచ్చుకుంటాం. ఆ గుండీల పెట్టే లైబ్రరీ, మిషన్లో ఏదో ఒక అరలో పెడతారట. అది దొరక్కపోతే చొక్కా చొక్కా కాదు.

మేనేజరు గుడ్లురుముతూ వచ్చాడు. ఆయనకీ ఒకటే మాటుండేది. "ఎవరు చెడగొట్టారు?" సారు మిషన్లో చక్కగా అవుతోంది, ఈ పిల్ల ముట్టుకున్న దాన్లోనే అవట్లేదు. "నాలుగింటికి కాకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు" అనేశాడు.

సారు వచ్చాడు. కాసేపు తెర వంక చూశాడు. తన బల్ల దగ్గరికి పోయి ఏదో గీకి, కవరులో పెట్టి నా దగ్గరికొచ్చాడు. "అక్కా, మూడున్నరకి పిల్లకి దొరక్కపోతే ఇది మేనేజరుకివ్వు. ముందే ఇచ్చావంటే నీ టీ మీద ఫిర్యాదు రాస్తా."

బొడ్లో దోపుకున్నా. లోపలేముందో? మా పిల్లని తీసెయ్యమని రాశాడేమో! అదే అయితే టీ గిన్నెలో వేసి ఉడకబెట్టేద్దామని మనసులో అనుకున్నా.

ఆయన వెళ్ళి మీ అమ్మ పక్కన కూర్చున్నాడు. చేతులు కింద.

"ఎక్కడ వెతికావమ్మా?"

"లైబ్రరీ ఉంది సార్. మూడుసార్లు తీసేసి మళ్ళీ ఎక్కించా. పేరు సరిగ్గానే రాశా. కళ్ళ ముందు కనబడుతోంది!"

"ఇంకా?"

భోజనాలైపోయాయి. మీ అమ్మ తినలేదు. నేనూ తినలేదు. ఆయన మాత్రం అన్నం ముద్దలు మింగి మళ్ళీ వచ్చి చేతుల మీద కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండింది. "తెలిస్తే చెప్పి చావొచ్చు కదయ్యా! పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది!"

నా వంక చూడలేదు. మీ అమ్మతో మెల్లగా అన్నాడు. "నువ్వు వెతికావు, సరే. మరి ఆ మిషను ఎక్కడ వెతికింది?"

మీ అమ్మ చెయ్యి ఆగిపోయింది. ఏదో టైపు కొట్టింది. తెర మీద చీమలబారులా అక్షరాలు పరిగెత్తాయి. వేలు పెట్టి ఒక్కో వరసా చదివింది. "సార్! ఇది పాత అరలోనే వెతుకుతోంది. కొత్త మిషన్లో గుండీలు కొత్త అరలో ఉన్నాయి. ఇది ఆ గడపే తొక్కలేదు!" అని మళ్ళీ మొహం ముడిచింది. "మరి మీ మిషన్లో ఎలా దొరుకుతోంది?"

"ఎక్కడ వెతికావ్?" అన్నాడు. ఆఫీసంతా నవ్వింది.

మీ అమ్మ నవ్వలేదు. లేచి వెళ్ళి ఆయన కుర్చీలో కూర్చుంది. రెండు నిమిషాలు. "సార్, మీ పాత అరలో ఒక పెట్టె ఉంది. ఆరేళ్ళ కింద పెట్టింది. పెట్టినవాళ్ళ పేరు..." అని నీళ్ళు నమిలింది.

"చదువమ్మా, గట్టిగా చదువు."

"మీ పేరే సార్. ఎవరికీ చెప్పకుండా మీరే పెట్టారు."

సారు చేతులు బయటికి తీశాడు. పదేళ్ళలో ఆ చేతులు అలా గాల్లోకి లేవడం నేను చూడలేదు. చప్పట్లు కొట్టాడు! మీ అమ్మ కొత్త అరకి దారి మార్చగానే బిల్డు గడగడా అయిపోయింది. గోడగడియారం మూడూ ఇరవై. మేనేజరు చేసేది లేక, "రేపట్నుంచి కాస్త పెందలాడే రా" అన్నాడు. అంటే ఉంచుకున్నట్టే.

సారు నా దగ్గరికొచ్చాడు. "అక్కా, ఆ కవరిచ్చెయ్."

"ఏ కవరు? లేదు."

"లేదనకక్కా..."

"కనబళ్ళేదు. మీరెక్కడ వెతికారు?"

బట్టతల తడుముకుంటూ వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చాక మీ అమ్మ చేత చదివించా. ఇంతే ఉంది. "తప్పు నాది. పాత అరలో పెట్టి చెప్పడం మర్చిపోయాను. కొత్త అర చూపిస్తే సరిపోతుంది. అమ్మాయి ఏమీ చెడగొట్టలేదు. ఒకళ్ళని పంపాల్సొస్తే నన్ను పంపండి." పైన టైమేశాడు. పొద్దున్న పదిన్నర!

పొద్దున్నే తెలుసు ముసలాడికి. ఐదు గంటలు ఆ చేతుల్ని ఎలా తొక్కిపెట్టుకున్నాడో.

ఆసుపత్రి వాళ్ళు మురిసిపోయి ఒక్కొక్కళ్ళకీ ఫొటో తీయించారు. సారు వంతు వచ్చేసరికి ఆ ఫొటోవాడు, "నా కెమెరా మూత పోయింది, ఎక్కడన్నా చూశారా సార్?" అన్నాడు. ఇంకేముంది, చేతులు కిందికెళ్ళిపోయాయి. "ఎక్కడ వెతికావ్ బాబూ?" వాడికి చిర్రెత్తి అలాగే నొక్కేశాడు. ఆ ఫొటో నేనే అడిగి తెచ్చుకున్నా.

సరిగ్గా చూడండి. ఆయన కాలి దగ్గర నల్లగా, గుండ్రంగా ఉందే, అది బొద్దింక కాదు. ఆ మూత.

పోయేనాటికి ఆయనకి డెబ్బయ్యొక్కేళ్ళు.