మామ్మ రోకలికి గేటు పాసు

ఆ రోజుల్లో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మనిషి విలువ అతని చేతిలో ఉన్న పనిముట్టుని బట్టి ఉండేదని నేననను గానీ, కాదనడానికీ ధైర్యం చాలదు. బి.ఎస్సీ. ఫిజిక్సు రెండో తరగతిలో గట్టెక్కి రైలింజన్ల షెడ్డులో అప్రెంటిసుగా చేరేనాటికి నాకున్న పనిముట్టు ఒక్క పెన్ను. అది కూడా మొదటి వారంలోనే ఎవరో తీసుకుని, ఎందుకూ పనికిరాదని తిరిగిచ్చేశారు. ఇప్పుడు తల్చుకుంటే ఆ షెడ్డు నూనె వాసన కోసం ప్రాణం లాగుతుంది. అప్పట్లో మాత్రం ఆ వాసన నా ఒక్క చొక్కా కూడా వదల్లేదని మా అమ్మ రోజూ సాధించేది.

ఇంజను అడుగున, బ్రేకు సామాను మధ్యన, ఒక పిన్ను ఉండేది. తుప్పెక్కి బిగుసుకుందంటే అలకపాన్పు మీది అల్లుడే. దాన్ని బతిమాలాలి గాని బాదకూడదు. ఇనప సుత్తితో బాదితే మూతి నలిగి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, ఇక ఆ రంధ్రంలోంచి జన్మలో బయటికి రాదు. మెత్తటి లోహంతో కొట్టాలి. షెడ్డులో రాగి సుత్తి ఉండేది గానీ, దాని తలకాయ ఆ సందులో పట్టేది కాదు, పట్టినా ఊపడానికి చోటు లేదు. మా మేస్త్రీ (అందరూ ఉస్తాద్ అనేవారు) నడుం మీద చేతులేసుకుని పిన్నునీ నన్నూ మార్చి మార్చి చూసేవాడు, ఇద్దరిదీ ఒకే జాతన్నట్టు.

ఒక మధ్యాహ్నం భోజనానికి క్వార్టరుకి వచ్చాను. మామ్మ, అంటే మా నాన్నగారి తల్లి, గుమ్మంలో కూర్చుని ఆకువక్క దంచుకుంటోంది. పళ్ళు ఎప్పుడో సెలవు పుచ్చుకున్నాయి. ఆవిడ చిన్న రోల్లో ఇత్తడి రోకలి లేస్తోంది, పడుతోంది. అందరిళ్ళలో ఆకు దంచే రోకలి బెత్తెడుంటే మాదది మూరెడు. సన్నగా, నున్నగా, బరువుగా ఉండేది. ఇంత పొడుగెందుకని ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. చూస్తూ చూస్తూ నేను అన్నం కలపడం ఆపేశాను. ఆ కడ్డీ ఒక కొస పిన్ను మీద ఆనించి, బయటికి వచ్చిన రెండో కొస మీద సుత్తి వేస్తే? సుత్తి వెళ్ళలేని చోటికి దెబ్బ ఒక్కటే వెళుతుంది! (నా ఫిజిక్సు డిగ్రీ జీవితంలో పనికొచ్చిన ఏకైక సందర్భం ఇది. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.)

"మామ్మా, నీ రోకలి ఓసారి ఇస్తావా?"

"ఏటికిరా?"

"ఇంజనుకి."

"ఇంజను ఆకొక్క ఏసుకుంటాదేట్రా గుంటడా?" అని కాసేపు బోసినోటితో నవ్వి, "అట్టుకెల్లు. సీకటడకముందు తెచ్చీయాల. రేత్రి అన్నం తిన్నాక నాకు ఆకు నేకపోతే నిద్దర్రాదు" అంది.

పిన్ను కదిలింది. కదలడమేమిటి, మర్యాదగా లేచి బయటికి వచ్చింది. ఉస్తాద్ మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచాడు (తప్పు పేరే, అయినా పేరే). ఆ సాయంత్రానికి రోకలికి 'దాదీ' (హిందీలో మామ్మ) అని నామకరణం జరిగిపోయింది. మర్నాటినుంచీ ఏ మూల ఏది ఇరుక్కున్నా "అరే, దాదీ కో బులావ్!" అని కేక. అలా దాదీ మధ్యాహ్నం నా టిఫిను సంచిలో డ్యూటీకి వచ్చి, చీకటి పడకముందు ఇంటికి చేరేది. గేటు దగ్గరి ముసలి జవానుకి సంగతి తెలుసు. "దాదీ చలీ?" అని నవ్వి వదిలేసేవాడు.

దెబ్బలకి దాదీ తల అణిగి అప్పడంలా అవడం మామ్మ కనిపెట్టింది. "ఇదేటిరా, సొట్టడిపోనాది?"

"మెత్తది కదా మామ్మా. సొట్ట దీనికి పడాలి, పిన్నుకి పడకూడదు. దీని పనే అది."

"ఆడదాని బతుకు సెప్పినట్టు సెప్పేవు" అని మళ్ళీ దంచుకుంది.

అంతా బాగానే ఉండేది, గేటు దగ్గరికి కొత్త జవాను రాకపోతే. బుర్ర మీసాలు, మాట తక్కువ. ఒక సాయంత్రం ఇంటికి బయల్దేరితే నా సంచిలో చెయ్యి పెట్టి, "యే క్యా హై?" అన్నాడు.

"దాదీ" అన్నాను, అలవాటు కొద్దీ.

ఆ ఒక్క మాటతో నా మీద అతని అభిప్రాయం ఏర్పడిపోయింది. ఆకువక్క దంచుకునేదని ఎంత చెప్పినా "పీతల్ హై" అంటాడు. నిజమే, ఇత్తడే. ఇత్తడి లోపలికి తెస్తే ఎవరూ ఆపరు, బయటికి తీసుకెళితే కాగితం కావాలి. రేపు సాయంత్రంలోగా సొంతదారు వచ్చి రుజువు చూపకపోతే తుక్కులో పడేస్తానన్నాడు. తుక్కు ఎక్కడికి పోతుందో షెడ్డులో అందరికీ తెలుసు. కొలిమికి.

ఇంటికెళ్ళి చెప్పాను. ఊళ్ళోనే కుదుదండ్ పేటలో తెలిసినవాళ్ళింట్లో రోకలుంది, అడిగి తెస్తానంది అమ్మ. "నాకు ఆకొద్దు" అంది మామ్మ గోడవైపు తిరిగి. జొరంలో కూడా ఆకు మానని మనిషి.

మర్నాడు మధ్యాహ్నం ఉతికిన చీర కట్టుకుని, రోలు ఒళ్ళో పెట్టుకుని, నాకంటే ముందు రిక్షా ఎక్కింది. గేటు దగ్గర దిగి, జవాను బల్ల మీద రోలు దభీమని దించింది. "సూడు బాబూ. యే రోలు. వో రోకలి. దోనో మొగుడూ పెళ్ళాం హై!" అని, బల్ల మీదున్న దాదీని లాక్కుని రోల్లో వేసింది. ఖణేల్మంది.

జవాను మొహంలో ఏ మార్పూ లేదు. "కహాఁ సే ఆయా, మాతాజీ?"

ఈ ప్రశ్నకి సరిపడా హిందీ మామ్మ దగ్గర లేదు. తెలుగులో అందుకుంది. "ఎక్కడ్నించేటి, ఈ షెడ్లోదే! బొగ్గింజన్లప్పుడు మా ఆయన ఈడే ఫిట్టరు. ఇంజన్ది ఇత్తడి కడ్డీ ఇరిగిపోతే, లేతు మిసను మీద నున్నగా సేసి నాకోసరం అట్టుకొచ్చినాడు."

రోకలి రైల్వే సొత్తేనని ఆవిడే ఒప్పేసుకుంది! తాత నేను పుట్టకముందే పోయాడు. ఆయన చేసిన ఈ పని ఇన్నేళ్ళూ మామ్మ ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఆవిడ ఎంచుకున్న మొదటి మనిషి గేటు జవాను!

"క్యా బోలీ?" అన్నాడు జవాను నావైపు తిరిగి.

"పెళ్ళిలో పుట్టింటివాళ్ళు పెట్టారట" అని హిందీలో చెప్పాను.

మామ్మ ఆగలేదు. రోకలి మీద వేళ్ళు అలా పోనిస్తూ, "అప్పుటికి నాకు పళ్ళన్నీ ఉండీవి. ఏటికయ్యా నాకిది అంటే, ముసిల్దానివయిపోవేటే, అప్పుటికి, అన్నాడు. పొడుగెందుకంటే, వొంగితే నీకు నడుం నొప్పెడతాది అన్నాడు. నాను ముసిల్దాన్నయిపోనాను. సూడ్డానికి ఆయనే నేకుండా పోనాడు" అంది.

"అబ్ క్యా బోలీ?"

"పుట్టింటివాళ్ళు చాలా మంచివాళ్ళట" అన్నాను.

జవాను రోకలి తీసి, అణిగిన తలకాయ తుడిచి, రెండు చేతులతో మామ్మకి అందించాడు. "మాది పలాస పక్కన, మామ్మా. జాగర్తగా అట్టుకెల్లు" అన్నాడు. తర్వాత నావైపు చూసి, మీసం కదలకుండా, "ఈ పాలికి నాకు తెలుగు రాదు. ఇది మల్లా గేటుకాడ కనబడితే వొస్తాది" అన్నాడు.

రిక్షా ఎక్కుతూ మామ్మ, "మనోడని ముందే సెప్పొచ్చు కదరా, ఇందీతో సచ్చేను" అంది. రిక్షా కదలబోతే, ఆగమంది. రోజూ తాత క్యారియరు పట్టుకుని వెళ్ళిన గేటుని, పెళ్ళయినప్పట్నించీ ఆ ఊళ్ళోనే ఉండి కూడా, మామ్మ మొదటిసారి చూస్తోందని నాకు అప్పుడు తట్టలేదు. డ్యూటీకి ఆలస్యమవుతోందని మాత్రం తట్టింది.

షెడ్డులో తర్వాత అసలైన ఇత్తడి కడ్డీ చేయించుకున్నారు. దాన్నీ దాదీ అనే పిలిచారు.

మొగుడూ పెళ్ళాం ఇప్పుడు నా దగ్గరున్నారు. ఈమధ్య నా పళ్ళు కూడా ఒకటొకటిగా రిటైరవుతున్నాయి. ఆ వయసులో నా ముందుచూపు సాయంత్రం టీ దాకా ఉండేది, తాతది ముసలితనం దాకా వెళ్ళింది. ఆకువక్క నాకు అలవాటు లేదు. అయినా అప్పుడప్పుడు ఒక ఆకు తెచ్చి, గుమ్మంలో కూర్చుని దంచుతాను. నిజమే, నడుం వంచక్కర్లేదు. వాసన వస్తుంది. లోపల్నించి మా ఆవిడ, "ఏమిటండీ ఆ చప్పుడు? ఎవరొచ్చారు?" అంటుంది.

"దాదీ" అంటాను, అలవాటు కొద్దీ.