బండికి కట్టిన ఎండుచేప

యాంగ్యాంగ్ తీరంలో నీటిమీద దూసుకెళ్లే జెట్‌స్కీ బండ్లు అద్దెకిచ్చే మున్ దోక్సుకు ఒక బండిలోని అలారం వారం రోజులుగా నిద్ర లేకుండా చేస్తోంది. ఇంజను వేడెక్కిందని ఒకటే కూత. సెన్సరు మార్చినా ఆగలేదు. ఇప్పుడు ఆ బండి మీద సముద్రంలోకి వెళ్లగానే మళ్లీ మొదలైంది. బండి నీరసించింది, అలలు అతన్ని రాళ్లకట్ట మీదికి తోస్తున్నాయి.

"నీ దుంప తెగ, నోరు ముయ్యి!" అంటూ సీటు పైకెత్తాడు.

బండి కొన్నరోజు కీడు తగలకూడదని తల్లి తెల్లదారంతో కట్టిన ఎండుచేప, తడికి ఉబ్బి, కిందికి జారి, ఇంజనుకు చల్లనీళ్లు తెచ్చే గొట్టాన్ని నొక్కేస్తోంది. పెరికి నీళ్లలోకి విసిరాడు. కూత వెంటనే ఆగలేదు. రాళ్లు చేతికందేంత దగ్గరకొచ్చాక ఆగింది. బండి ఊపందుకుని వెనక్కి తిరిగింది.

ఒడ్డున తల్లి సీటు కింద వట్టి దారం చూసింది. "చేపేదిరా?"

"రాళ్లకట్ట దగ్గర పోయిందమ్మా."

"చూశావా! నీ గండం అది మోసుకుపోయింది. రేపు ఇంకా పెద్దది కడతాను."