ఎదురు మంట

మా అపార్టుమెంటు వాచ్‌మన్ రాలిన ఆకులు కుప్పపోసి అంటిస్తే చాలు, నాకు ఒళ్లు మండిపోతుంది. గబగబా దిగిపోయి బక్కెట్టు నీళ్లు కుమ్మరించి వస్తాను. ఈ ముసలమ్మకు పిచ్చి అని పిల్లోళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. మా మామను తిన్న వాసన అది.

తిరుపతి కొండల వారన మా పల్లె. మా అమ్మ తమ్ముడు చెంగల్రాయుడు మామ ఎండాకాలమంతా అడివిలో మంటల కావలికి పొయ్యేవాడు. పొద్దుగూకేసరికి ఒళ్లంతా మసితో వచ్చేవాడు, తుండుగుడ్డ మూటలో మాత్రం నా కోసం కలివిపండ్లు, బలుసుపండ్లు, ఒక్కోసారి మోదుగాకులో చుట్టిన తేనెపట్టు ముక్క ఉండేవి. ఆ జిగట ఎంత కడిగినా వేళ్ల సందుల్లోనించి పోయేది కాదు. ఆ ఏడు గంగజాతరంతా నన్ను భుజానెక్కించుకుని తిప్పుతానన్నాడు.

ఇంక ఆ మహానుభావుడు. పేరు నా నోటితో పలకను, తోపాయన అంటే చాలు. కొండ కింద మామిడితోపు, కొండమీద మేకలమంద. ఎండుగడ్డి కాలిస్తే తొలివానకే లేతపచ్చిక వస్తుందని ఏటా కొండకు అగ్గి పెట్టేవాడు. అంటించేది ఆయన, ఆర్పేది మా మామ. ఊరందరికీ తెలుసు, ఒక్కడూ నోరు మెదపడు.

జాతర చాటింపు వేసిన వారంలో, మిట్టమధ్యాన్నం, గాలి చూసుకోకుండా అంటించినాడు. మామా ఇంకిద్దరు కావలోళ్లూ మంటను కొట్టేదానికి పచ్చి కానుగ కొమ్మలు విరుచుకుని పైకి పరిగెత్తినారు. అమ్మ రాగి అంబలి కలిపిపెట్టి, ఉల్లిపాయలు తరిగి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కొండకేసి చూస్తా వాకిట్లోనే ఉండిపోయింది.

మంట చెయ్యి దాటితే ఎదురు మంట పెడతారు. వచ్చే అగ్గికి తినేదానికేమీ మిగలకుండా ముందే కాల్చెయ్యడం. దానికొక కట్టుబాటు ఉండాది. పుల్ల గీసే ముందర కొండకేసి 'ఓ' అని కేక వెయ్యాల, పైనున్న ప్రతి ఒక్కరూ తిరిగి 'ఓ' అనాల. ఒక్క గొంతు తగ్గినా గియ్యకూడదు, ఎవురిది ఏం కాలిపోయినా సరే.

గాలి తిరిగి మంట తోపుకేసి దిగింది. కోతకొచ్చిన కాయ మరి! మామా వాళ్లు మంటను కొడతా కొడతా దిగుతా ఉంటే, తోపాయన కిందనించి ఒక్క కేక వేసినాడంట. ఆ హోరులో జవాబు రాలేదు. ఎదురు మంట పెట్టేసినాడు. రెండు మంటల నడుమ ముగ్గురూ పోయినారు. తోపులో ఒక్క ఆకు కమల్లేదు.

విచారణకొచ్చినోళ్లు అడివి ఎండకు దానంతటదే అంటుకుందని తేల్చి, ఆయనింట్లోనే భోంచేసి పోయినారు.

కర్మాల దినం గంపెడు మామిడిపండ్లు మోయించుకుని వచ్చినాడు, సిగ్గులేని మనిషి.

"పిలిస్తినమ్మా, పలకలేదు. నేనేం సేసేది?"

అమ్మ ఏడవలేదు. గంపను కాలితో నెట్టింది.

"పలకలేనోళ్ల కోసమే కదప్పా ఆగాల్సింది."

ఆ పండ్లు మా వాకిట్లోనే కుళ్లినాయి. ఈగలు ముసిరినా అమ్మ ఎవురినీ తియ్యనియ్యలేదు.

తోపాయన నిండా బతికి మంచంమీద పోయినాడు. ఇప్పుడా కలివిపొదలు లేవు, కొండ వారనంతా ఇండ్ల స్థలాలే. ఆ కేక ఎట్లుంటాదో తెలిసినోళ్లు కూడా లేరు.

నిన్న కిందికి దిగేసరికి వాచ్‌మన్ అగ్గిపుల్ల గీసి కుప్ప దగ్గర వంగినాడు.

"ముందర పిలిచినావా?" అన్నాను.

"ఆకుల్లో ఎవురుంటారమ్మా?"

"పిలువు."

నన్ను వింతగా చూస్తా, చిన్నగా "ఓ" అన్నాడు. పుల్ల వేళ్లదాకా కాలి వాడు విసిరికొట్టినా, నేను ఆడనే నిలబడి జవాబు కోసం ఆగినాను.