తాళి కట్టే వేళకు కళ్ళు మూసుకున్నాను

మార్కాపురంలో నా స్టూడియోకి వచ్చినవాళ్లు గోడ చూసి మొదట నవ్వుతారు, తర్వాత అనుమానపడతారు. అక్కడున్న ఫోటోల్లో అందరూ కళ్ళు మూసుకునే ఉంటారు. "ఏందన్నా, ఒక్కటన్నా సరిగ్గా వచ్చినట్టు లేదే!" అంటూ మొన్న పాస్‌పోర్టు ఫోటోకి వచ్చిన ఒకాయన లేచి పోబోయాడు. అవి చర్చిల్లో ప్రార్థన వేళ కావాలని తీసినవని నమ్మించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. పెళ్లిళ్లు నా కడుపు నింపుతాయి, ఈ ఫోటోలు నా సరదా. ఆ సరదా పుట్టింది మాత్రం నేను చేసిన ఒక వెధవపని వల్ల.

అంతవరకు నేను తీసినవన్నీ మేళతాళాల పెళ్లిళ్లే. పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం" అంటాడు, డోలు మోగుతుంది, మనం బటన్ నొక్కుతాం. చెవులుంటే చాలు, తాళి కట్టే ఫోటో తప్పిపోదు. అలాంటి నన్ను వెలిగండ్ల దగ్గర ఒక పల్లెలో చర్చి పెళ్లికి పిలిచారు. పెళ్లికూతురి తల్లి పొలం కూలికి పోయే మనిషి, ఆమెకు ఒక్కతే కూతురు.

ముందురోజు ఆమె ఫోన్ చేసి ఒకే ఒక్క మాట చెప్పింది. "మా పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తా ఉంటేనే తాళి కట్టిస్తారు నాయనా. మేమంతా కళ్ళు మూసుకొనుంటాం. నాకు ఆ ఒక్క ఫోటో కావాల. అప్పుడు చూడలేనిది దాంట్లో చూసుకుంటా."

"నీకెందుకు పెద్దమ్మా, నాకొదిలెయ్" అన్నాను. నోటికేం, ఎన్నైనా అంటుంది.

చర్చిలో మూడు ప్రార్థనలయ్యాయి, నాలుగోది మొదలైంది. అందరూ తలలు వంచిన దృశ్యం ఒకటి తీశాను. ఆ తర్వాత నేనొక్కడినే నిటారుగా నిలబడి ఉండటం సిగ్గనిపించింది. ఒక్క నిమిషమే కదా అని నేనూ కళ్ళు మూసుకున్నాను. తొందరేమీ లేదు, డోలు ఇంకా మోగలేదు కదా! చర్చిలో డోలెందుకు మోగుతుందన్న ఆలోచన నా మట్టిబుర్రకు రాలేదు. అందరూ "ఆమేన్" అన్నాక కళ్ళు తెరిస్తే పెళ్లికూతురి మెడలో తాళి ఉంది.

తాళి ఇంకోసారి కట్టినట్టు పట్టుకోమని పెళ్లికొడుకుని అడగవచ్చు, కానీ ఆ తల్లి కళ్ళు తుడుచుకుంటూ నా వైపు ఎంతో నమ్మకంగా చూసింది. ఆ చూపుకు తలూపి, కెమెరా సర్దుకున్నాను.

ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు మూడురోజులు కూర్చున్నాను. గిద్దలూరులో తీసిన ఒక పెళ్లిలోంచి తాళి ముడి వేస్తున్న చేతుల్ని కత్తిరించి, కంకణం చెరిపేసి, పసుపు తుడిచి, ఈ పెళ్లికొడుకు చొక్కాకు అతికించాను. నా భార్య కూడా కనిపెట్టలేకపోయింది. నిజం చెప్పొద్దూ, నా పనితనానికి కొంచెం గర్వపడ్డాను కూడా.

ఆల్బమ్ తీసుకోవడానికి ఆమె పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని మరీ ఆల్బమ్ ముట్టుకుంది. ఒక్కో పేజీ తిప్పుతూ ఆ ఫోటో దగ్గర ఆగింది.

"బాగుంది నాయనా. ఈ చేతులెవరివి?"

"మీ అల్లునివే పెద్దమ్మా."

"మా అల్లుడు పలకల గనిలో పనికి పోతాడు. రాయి పడి బొటనవేలి గోరు పోయింది. ఈయనెవరో బిందె నీళ్లు కూడా మోసినట్టు లేడే!"

ఇక దాచలేక జరిగిందంతా చెప్పేశాను. ఆమె ఆల్బమ్ మూసి పక్కన పెట్టింది. "అన్నిట్లో నేనడిగింది ఆ ఒక్కటే కదా నాయనా" అంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది. నాకు నిజంగా ఏడుపొచ్చినంత పనైంది.

మళ్లీ ఆమే అడిగింది. "కళ్ళు మూసుకొని ఏం చేసినావు మరి? ప్రార్థన చేసినావా?"

"చేసినా పెద్దమ్మా."

"ఏమని?"

అప్పటికే ఒక అబద్ధమాడి దొరికిపోయినవాణ్ణి. "కెమెరా బ్యాటరీ అయిపోకుండా చూడమని" అన్నాను.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక కుర్చీలో వాలిపోయింది. "అయిపోలేదు కదా? చూడు, నీ మాట విన్నాడు" అంది.

తర్వాత ఆరోజు తీసినవన్నీ స్క్రీన్ మీద చూపించమంది. అందరూ తలలు వంచిన ఫోటో రాగానే ఆపమంది. అందులో ముందు వరసలో ఆమె ఉంది, కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ గుండెకు అదుముకుని.

"అప్పుడు జరిగింది ఇదే కదా. ఆ చేతులు తీసేసి ఇది పెట్టు" అంది.

సరేనన్నాను. ఊరుకోలేక అడిగాను. "నువ్వేం ప్రార్థన చేసుకున్నావు పెద్దమ్మా?"

"ఏముంది నాయనా, నువ్వు ఫోటో మంచిగా తీయాలనే."